నూట పన్నెండు కేజీలు

ఆ రోజు పొద్దున ఆకాశం కదల్లేదు. మబ్బు కమ్మి ఉంది గాని అది వాన మబ్బు కాదు. వాన మబ్బుకి కింది అంచు నల్లగా వేలాడుతుంది, చూస్తే తెలిసిపోతుంది. ఇది పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఒక మూల నుంచి ఇంకో మూలకి ఒకటే బూడిద రంగు. గాలి లేదు. ఎదురింటి డాబా మీద తీగకి వేసిన బట్టలు కదలకుండా వేలాడుతున్నాయి. పళ్ళు తోముకుంటూ మెడ ఎత్తి ఆకాశం చూడటం నాకు ఊళ్ళో అబ్బిన అలవాటు. పట్నంలో దానితో పనేమీ లేదు, వాన వస్తే పండేది లేదు, రాకపోతే ఎండేది లేదు, అయినా మెడ దానంతటదే పైకి లేస్తుంది. అలా చూస్తూ ఉండగానే ఇంటి ముందువైపు నుంచి చప్పుడు వినిపించింది. అల్యూమినియం నిచ్చెనని సిమెంటు గచ్చు మీద ఈడ్చిన చప్పుడు. పనిలో రోజుకి అరవై సార్లు వింటాను దాన్ని. సెలవు రోజున, నా గుమ్మం ముందు వినేసరికి, ఎవరో నన్ను వెతుక్కుంటూ వచ్చారనిపించింది. నోట్లో నురగ అలాగే ఉంది. పుక్కిలించడం మరిచిపోయి ముందుకి వెళ్ళాను.

మేడ మీద ఉండే ఇంటివాళ్ళు ముందు గోడకి రంగు వేయిస్తామని నెల నుంచీ అంటూనే ఉన్నారు. ఇవాళ రంగులాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, మెడా భుజాలూ ఒకటే అయిపోయిన మనిషి, ఒంటి నిండా పాత గోడల రంగులు. నిచ్చెనని గోడకి ఆనించి, అరచేత్తో దాన్ని పశువు వీపు తట్టినట్టు తట్టి, డబ్బా కొక్కేనికి తగిలించుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "లేపేశానా తమ్ముడూ? పైవాళ్ళు పెళ్ళికెళ్ళారు, సాయంత్రానికి వచ్చేస్తారంట. వచ్చేసరికి గోడ తయారుగా ఉండాలని హుకుం." నేను ఆయన మొహం చూడటం లేదు. నా కళ్ళు ఎడమ కమ్మీ లోపలివైపు, కింది నుంచి రెండో మెట్టు దగ్గర ఆగిపోయాయి. అక్కడ ఏడు అంకె ఉంది. దాని కాలు లోతుగా, తల తేలికగా దిగి ఉంది, ఎందుకంటే నేను సుత్తి కాస్త వాలుగా కొడతాను. ఏడు కింద వరసగా తొమ్మిది చుక్కలు. తొమ్మిది చుక్కలంటే తొమ్మిదో నెల. ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, రెండో కాలు పెట్టాడు, నిచ్చెన కాస్త నిట్టూర్చింది, నేను వెళ్ళి రెండు చేతులతో రెండు కమ్మీలూ పట్టుకున్నాను. "ఏంటి తమ్ముడూ, పారిపోతుందనుకున్నావా?" అన్నాడు పైనుంచి. "గచ్చు నున్నగా ఉంది" అన్నాను. "మంచోడివే. కూలీ అడక్కు మరి" అంటూ ఎక్కిపోయాడు. ఆయన చెప్పుల అడుగులు నా నెత్తి మీదుగా ఒక్కొక్కటే పైకి వెళ్ళిపోయాయి.

తొమ్మిదో మెట్టు దగ్గర టిక్ మంది. ఆయనకి వినిపించదు. రోడ్డు మీద వెళ్ళేవాడికి వినిపించదు. మేకు కొసతో గ్లాసు అంచుని తాకినంత చప్పుడు. నాకు వినిపించింది, ఆ చప్పుడు వినడమే నా పని. నిచ్చెనల ఫ్యాక్టరీలో నేను పరీక్ష మనిషిని. గొట్టాలు కోసేవాళ్ళు కోస్తారు, కన్నాలు పొడిచేవాళ్ళు పొడుస్తారు, మెట్లు దూర్చి రివిట్లు కొట్టేవాళ్ళు కొడతారు, అన్నీ అయ్యాక నిచ్చెన నా దగ్గరకి వస్తుంది. ఇనుప దూలానికి దాన్ని ఆనించి, ఒక్కో మెట్టూ ఎక్కి, మెట్టు మెట్టుకీ మూడు సార్లు కుదుపుతాను. రివిట్టు సరిగా కూచోకపోతే టిక్ మంటుంది. టిక్ మంటే పక్కన పడేస్తాను. అనకపోతే దిగి ఏడో నంబరు అచ్చు కొడతాను. అప్పుడు చీటీలు అంటించే ఆవిడ వచ్చి ఎర్ర చీటీ అంటిస్తుంది: నూట పది కేజీల వరకు భద్రం. రంగులాయన ఎక్కబోయే ముందు ఆ చీటీ మీద వేలు పెట్టి చూపించాడు కూడా. "నేను నూట ఎనిమిది. మిగతా రెండు కేజీలూ రంగు డబ్బాకి. కొలిచి కుట్టించుకున్నట్టు సరిపోయింది." తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. నా అరచేతులు చెమటకి కమ్మీల మీద జారాయి. మళ్ళీ పట్టుకున్నాను.

చిన్నప్పటి నుంచీ నేను బండోణ్ణే. ఊళ్ళో అదే నా పేరు. బడిలో బల్ల మీద ఎవరూ నా పక్కన కూచునేవాళ్ళు కాదు, కూచుంటే రెండో చివర లేచిపోయేది. మాస్టారు మాత్రం నన్ను పనికి వాడుకునేవారు, గాలివాన వచ్చినప్పుడు తలుపుకి అడ్డంగా నన్ను కూచోబెట్టి పాఠం చెప్పేవారు. వీపుకి తలుపు కొట్టుకుంటూ ఉండేది, లోపల పిల్లలు లెక్కలు చదివేవాళ్ళు, నేను ఒక్క ముక్క వినకుండా గాలిని ఆపుతూ కూచునేవాణ్ణి. ఆ బరువు నాకు తిండి పెడుతుందని ఎవరనుకున్నారు. పట్నం వచ్చి మూడు నెలలు తిరిగాక ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజరు నన్ను చూసి ఇంకేమీ అడగలేదు, చదువు అడగలేదు, ఊరు అడగలేదు, చేయి పట్టుకుని సరుకు తూచే కాటా మీద నిలబెట్టాడు. ముల్లు ఊగి ఊగి నూట పన్నెండు దగ్గర ఆగింది. "దొరికాడ్రా మన బస్తా!" అని గట్టిగా అరిచాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజే గోడకి బోర్డు పెట్టారు: పరీక్ష నం. 7, నూట పన్నెండు కేజీలు. నా పేరు అందులో లేదు. అవసరం లేదు కూడా. తర్వాత పదకొండేళ్ళు నన్ను ఎవరూ కాటా ఎక్కించలేదు. బోర్డు ఉంది కదా.

టిక్. ఆయన పైన కాలు మార్చుకున్నాడు. ఆయన కూనిరాగం, బ్రష్షు గోడ మీద తడిగా పాకుతున్న చప్పుడు, రంగు చుక్కలు నా చేతుల మీద, భుజాల మీద. గచ్చు వైపు చూశాను. పద్నాలుగు మెట్ల ఎత్తు నుంచి పడితే ఏమవుతుందో ఆలోచించకూడదనుకున్నాను, అనుకుంటూనే ఆలోచించాను, తల ముందా నడుము ముందా, గుమ్మం మెట్టు అంచు ఎక్కడ తగులుతుంది, ఆ అంచు మీదే నా భార్య సాయంత్రాలు కూచుంటుంది. నేను ఆయన కింద ఉన్నాను, పడితే నా మీదే పడతాడు, అదీ నయమే అనిపించింది. వెంటనే అది కూడా పిరికితనంగానే తోచింది.

ఎనిమిదో నెలలో జ్వరం వచ్చింది. ఇరవై రోజులు. నీళ్ళు తాగినా నిలవలేదు. తగ్గేసరికి నా చేతులు ఎవరివో చేతుల్లా ఉన్నాయి, లోపల నేను, పైన వదులు చొక్కాలా నా చర్మం. పిండి మర దగ్గర ఎవరూ లేనప్పుడు మూటలు తూచే కాటా ఎక్కి చూశాను. ఎనభై నాలుగు. దిగి మళ్ళీ ఎక్కాను. ఎనభై నాలుగే. ఇంటికొచ్చి చెప్తే నా భార్య ఆ రాత్రి కూచుని నా ప్యాంట్ల నడుములు లోపలికి మడిచి కుట్టింది, చొక్కా కింద ఇంకో చొక్కా తొడుక్కోమంది. పనిలోకి వెళ్ళిన మొదటి రోజు సూపర్‌వైజరు చూశాడు. చూడకేం, కళ్ళున్న మనిషే. "ఏం బస్తా, ఎండిపోయావే!" అన్నాడు. "జ్వరం ఒంట్లో నీరు తీసేసింది సార్" అన్నాను. "తింటే వస్తుందిలే. ఎక్కు ఎక్కు, బయట లారీ నిలబడి ఉంది." ఎక్కాను. కుదిపాను. నిచ్చెన ఏమీ అనలేదు. ఏడు కొట్టాను. కొట్టే ముందు ఒక్కసారి సుత్తి ఆగింది. పక్కనే షెడ్డు బాగుకి తెచ్చిన ఇసక గుట్ట ఉంది. ఇరవై ఎనిమిది కేజీల ఇసక సంచీలో పోసి వీపుకి కట్టుకుంటే సరిపోతుంది కదా, నేనూ ఇసకా కలిసి నూట పన్నెండు అవుతాం కదా. అడుగుదామని సూపర్‌వైజరు గది దాకా వెళ్ళాను. నోరు తెరిచాను. అప్పుడు తట్టింది: ఇరవై ఎనిమిది కేజీల ఇసక నా పని చేయగలిగితే నూట పన్నెండు కేజీల ఇసక ఇంకా బాగా చేస్తుంది. దానికి జ్వరం రాదు, దానికి సెలవు అక్కర్లేదు. "ఏంటి బస్తా?" అన్నాడాయన. "ఏం లేదు సార్" అన్నాను. అదీ నేను చేసింది. దొంగతనం చేయలేదు, అబద్ధం కూడా చెప్పలేదు, ఏం లేదు అన్నానంతే. అప్పటి నుంచి రెండు నెలలుగా నా బదులు ఆ బోర్డు నిచ్చెనలెక్కుతోంది.

"ఏమయ్యా" అంది నా భార్య గుమ్మంలోంచి. చీపురు చేతిలో ఉంది. "సెలవు రోజు ఇదేం పని? ఆయనకి చేతులు లేవా?" అని, నా మొహం చూసి ఆగింది. మెల్లిగా దగ్గరకి వచ్చింది. నా కళ్ళు ఎటు ఉన్నాయో అటు చూసింది, ఏడు మీద వేలు పెట్టి తడిమింది, చుక్కలు లెక్కపెట్టింది. ఆమెకి అన్నీ తెలుసు. తర్వాత గొంతు తగ్గించి, "నోరు విప్పకు" అంది. "పట్టుకో, గట్టిగా పట్టుకో, ఆయన దిగి వెళ్ళిపోయేదాకా పట్టుకో. చెప్పావంటే రేపు నువ్వూ నేనూ ఎక్కడుంటాం?" పైనుంచి రంగులాయన, "ఏంటమ్మా చెల్లెమ్మా, మీ ఆయన్ని కాసేపు అప్పిచ్చావని కోపమా?" అని అరిచాడు. నా భార్య నవ్వడానికి ప్రయత్నించింది. "కోపమేం లేదన్నయ్యా, రంగు మీద పడుతుందని" అంది. లోపలికి వెళ్ళిపోయింది. చీపురు చప్పుడు మాత్రం రాలేదు. తలుపు వెనకే నిలబడి ఉంది.

ఒకసారి, జ్వరానికి చాలా ముందు, బజారు వీధిలో వెళ్తుంటే ఒక దుకాణం ముందు మా నిచ్చెనలు నిలబెట్టి ఉన్నాయి. ఆగాను. లోపల ఎక్కడో గర్వం, చెప్పుకోలేనిది. ఒకావిడ నిచ్చెనని పట్టుకుని ఊపి చూస్తోంది. దుకాణదారు, "మంచి కంపెనీ అమ్మా, రాసి ఉంది చూడండి, నూట పది" అంటున్నాడు. ఆవిడ చీటీ చదివింది, వేలితో తుడిచి మళ్ళీ చదివింది. ఆ చీటీలో ఉన్నది నేనే. నా తొడలు, నా పొట్ట, మా అమ్మ పెట్టిన తిండి, గాలివానలో తలుపుకి ఆనుకున్న నా వీపు. ఆవిడ పక్కకి తిరిగి నన్ను చూసింది. "కొంచెం జరుగుతారా? నిచ్చెన చూడాలి" అంది. జరిగాను. కొనుక్కుని ఆటోకి కట్టించుకుని వెళ్ళిపోయింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది, ఇంటికొచ్చి నా భార్యకి చెప్తే ఆమెకీ నవ్వొచ్చింది. ఇవాళ, కమ్మీలు పట్టుకుని నిలబడితే, ఆవిడ మొహం గుర్తు తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆవిడకి నా మొహం గుర్తుండదు. మా ఇద్దరి మధ్యా ఉన్నది నిచ్చెనే. ఈ రంగులాయనకి కూడా నేనెవరో తెలియదు, రెండు నెలలుగా పొద్దున లేచి నా బరువు మీద కాళ్ళు పెట్టి బతుకుతున్నాడు, నా బరువేమో లేదు. ఎనభై నాలుగు మీద నిలబడి, ఆ పైన ఇరవై నాలుగు కేజీలు గాల్లో నిలబడి ఉన్నాడు.

ఆ ఆలోచన వచ్చాక ఇంక ఆగలేదు. నేను ఒక్కణ్ణే ఎందుకవుతాను? నా చొక్కా కొన్నప్పుడు జేబులో ఒక చిన్న కాగితం దొరికింది, పరీక్షించినవారు పద్నాలుగు అని. నవ్వి పారేశాను. ఎవరా పద్నాలుగు? లోపల గ్యాసు పొయ్యి వెలిగించే చప్పుడు వినిపించింది, నా భార్య వంట మొదలుపెట్టింది. ఎక్కడో ఒక షెడ్డులో సిలిండర్ల దగ్గర వాసన చూసేవాడు కూచుని ఉంటాడు, వాడికి జలుబు చేసి వారం నుంచి వాసనే తెలియడం లేదేమో, చెప్తే పంపించేస్తారని ముక్కు తుడుచుకుని సరే సరే అంటున్నాడేమో. బస్సు చక్రాలని సుత్తితో కొట్టి చప్పుడు వినేవాడికి చెవుడు వస్తోందేమో. జ్వరానికి నేను మింగిన బిళ్ళల రంగు చూసి వేరుచేసే ఆవిడకి కంట్లో పొర కమ్మిందేమో. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మీదా ఏదో ఒక అంకె ఉంది, అంకె వెనక ఒక మనిషి, మనిషి నోట్లో ఒక ఏం లేదు సార్. వీధిలో కరెంటు తీగలు, మేడ మీద నీళ్ళ ట్యాంకు, ఎదురింటి వాళ్ళ లిఫ్టు, అవన్నీ వాటి మానాన అవి నిలబడి ఉన్నాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అవి నిలబడింది భయపడుతున్న మనుషుల మీద. ఆ పొద్దున మొదటిసారి నా ఇంటిని చూసి నాకు భయమేసింది. పైకి చూశాను. ఆకాశం అలాగే ఉంది. టిక్. ఈసారి రెండుసార్లు. టిక్, టిక్.

ఆయన దిగాడు. డబ్బా ఖాళీ అయింది. నేలమీద కాలు పెట్టేసరికి నాకు ఊపిరి వచ్చింది, ఇప్పుడే ఏదైనా జరిగి ఆయన ఇంటికి వెళ్ళిపోతే బాగుండునని, వాన వస్తే బాగుండునని ఆకాశం వైపు చూశాను, ఆ మబ్బు కురిసేది కాదు. ఆయన కొత్త డబ్బా మూత తీసి, కర్రతో కలిపి, గోడ వైపు చూశాడు. అంతా అయిపోయింది, చూరు కింద బారెడు మిగిలింది. "అదొక్కటే. చివరి మెట్టు ఎక్కి చెయ్యి చాపితే అందుతుంది" అన్నాడు. చివరి మెట్టు ఎక్కి చెయ్యి చాపితే నిచ్చెన వంగుతుంది, వంగితే తొమ్మిదో మెట్టు దగ్గర కమ్మీ నోరు తెరుస్తుంది. నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. తలుపు సందులో నా భార్య కళ్ళు. ఆయన కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను.

"అన్నా, ఎక్కొద్దు."

"ఏం, టీ తెప్పిస్తావా?"

"ఇది నేను పరీక్ష చేసిన నిచ్చెన. ఆ ఏడు నాది. నూట పన్నెండు మనిషి ఎక్కి చూడాలి. నేను ఎక్కాను. జ్వరం వచ్చి బరువు తగ్గిపోయాను. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో మెట్టు టిక్ మంటోంది. నీకు వినపడదు, నాకు వినపడుతోంది." నాకు మాటలు తక్కువ. నా జన్మలో ఒకే ఊపున చెప్పిన వాటిలో అదే పెద్దది.

ఆయన కాలు తీశాడు. వంగి ఏడుని చూశాడు, చుక్కలు చూశాడు, చీటీ చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు, ఈసారి తల నుంచి కాళ్ళ దాకా, సంతలో పశువుని చూసినట్టు. తర్వాత బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు. "రెండు నెలలు" అన్నాడు. "రెండు నెలల్నుంచి దీని మీదే ఉన్నాను రా. మొన్న మూడంతస్తుల మేడ చేశాను. గాలి కూడా ఉంది ఆ రోజు." "మా ఆవిడ రోజూ అడుగుద్ది, జాగ్రత్త అని. కొత్త నిచ్చెన, రాసి ఉంది అని చెప్తాను. రాసి ఉందని!" అని చీటీ మీద ఉమ్మాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. "ఇందాకట్నుంచీ పట్టుకుని నిలబడ్డావు. నోరు లేదా? నేను పైన పాటలు పాడుకుంటా ఉంటే కింద నువ్వు నా చావు చప్పుడు వింటా ఉన్నావా?" నేను తల దించుకున్నాను. అందులో ఒక్క ముక్క తప్పు లేదు.

ఆయన గోడ వైపు చూశాడు. వేసినంత మేరా తడిగా మెరుస్తోంది, ఆ పైన మిగిలిన బారెడూ పాత గోడ మురికిగా. "ఇంకో నిచ్చెన లేదు. ఇప్పుడు ఆపితే రెండు రంగులై కూచుంటుంది, ఇంకెవ్వరూ పిలవరు నన్ను" అన్నాడు తనలో తను. తర్వాత, "నువ్వెంతున్నావు ఇప్పుడు?"

"ఎనభై ఐదు ఉంటాను."

"ఈ నిచ్చెన మీద నువ్వెక్కినప్పుడు ఏమీ అనలేదు కదా?"

"అనలేదు."

"అయితే ఎక్కు" అన్నాడు. "దీన్ని నీ బరువుకే పరీక్ష చేసుకున్నావు. నువ్వే ఎక్కు. నేను పట్టుకుంటాను."

డబ్బా కొక్కేన్ని నా నడుముకి తగిలించాడు, బ్రష్షు చేతిలో పెట్టాడు, ఎలా ఈడ్చాలో గాల్లో చూపించాడు. ఆయన చేతులు కమ్మీలు పట్టుకున్నాయి, ఇందాక నావి ఉన్న చోటే. ఎక్కాను. పదకొండేళ్ళలో ఎన్ని వేల నిచ్చెనలెక్కానో, దేని మీదా నిలబడి పని చేసింది లేదు, ఎక్కి కుదిపి దిగడమే. ఇంత పైన నిలబడి మనుషులు పని చేసుకుంటారని నాకు తెలుసు గాని ఒంటికి తెలియదు. ఏడో మెట్టు. ఎనిమిది. తొమ్మిదో మెట్టు మీద కాలు పెట్టి ఆగాను. చెవి పెట్టాను. ఏమీ లేదు. రెండో కాలు పెట్టాను, అలవాటు కొద్దీ మూడు సార్లు కుదిపాను, కింద ఆయన బూతు తిట్టాడు. ఏమీ లేదు. నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దానికే నేను రెండు నెలలు ఏడు కొట్టాను. నిచ్చెన అబద్ధం చెప్పలేదు, నన్ను అది మోస్తుంది, నన్నయితే ఎంత కాలమైనా మోస్తుంది, ఈ లోకంలో అది భరోసాగా మోసేది నన్నొక్కణ్ణే. ఇంకా ఎక్కాను. చూరు కింద మిగిలిన బారెడూ వేశాను, చెయ్యి చాపి, చెంప గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి. గీతలు పడ్డాయి. కింద నుంచి ఆయన, "తడి మీద తడి! ఆగకు!" అంటూ ఉన్నాడు. ఆగలేదు.

అయిపోయాక తల తిప్పాను. తిప్పకుండా దిగి ఉండాల్సింది. అంత ఎత్తు నుంచి పట్నం కనిపించింది, డాబా వెనక డాబా. మూడు వీధుల అవతల ఒక మేడ మీద నీళ్ళ ట్యాంకుకి నిచ్చెన ఆనించి ఉంది, దాని మీద ఒక మనిషి, లావుపాటి మనిషి, చేతిలో ఏదో గొట్టం. అల్యూమినియం తెల్లగా మెరిసింది. ఆ పక్కన ఇంకో డాబా మీద ఇంకో నిచ్చెన, ఎవరూ లేరు. దూరంగా సినిమా బోర్డు దగ్గర ఇంకొకటి. వాటి మీద ఎవరి అంకె ఉందో ఇక్కడి నుంచి ఎలా తెలుస్తుంది? అంకె ఉందన్నదొక్కటే తెలుసు. ట్యాంకు మీద మనిషి ఇంకో మెట్టు ఎక్కాడు. నా నోట్లోంచి కేక వచ్చింది. "దిగు! దిగవయ్యా!" ఇంత గొంతు నాకుందని నాకే తెలియదు. ఆ మనిషి ఇటు తిరిగాడు. వినపడలేదు, గోడకి రంగు వేసేవాడు పలకరిస్తున్నాడనుకున్నాడు. గొట్టం ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చెయ్యి పూర్తిగా వదిలేసి, నాకు చెయ్యి ఊపాడు.

నేను ఎలా దిగానో గుర్తులేదు. దిగేసరికి రంగులాయన ఇంకా కమ్మీలు పట్టుకునే ఉన్నాడు, వేళ్ళ గణుపులు తెల్లబడి. "ఎవరిని పిలిచావు?" అన్నాడు. ట్యాంకు ఉన్న వైపు చెయ్యి చూపించాను. ఆయన ఆ దిక్కుకి చూశాడు, కింద నుంచి గోడలే కనిపిస్తాయి. "ఎన్ని ఉంటాయి ఇలాంటివి?" అన్నాడు. "రోజుకి అరవై" అన్నాను. "రెండు నెలలు." ఆయన పెదాలు లెక్క మొదలుపెట్టి మధ్యలోనే మానేశాయి. నేను గుమ్మం వైపు తిరిగాను. నా భార్య తలుపు పూర్తిగా తీసుకుని నిలబడి ఉంది, ఎప్పటి నుంచి ఉందో. "రేపు గేటు దగ్గర కాటా ఎక్కుతాను" అన్నాను ఆమెతో. "అందరూ చూస్తుండగా ఎక్కుతాను. తర్వాత నిచ్చెనలన్నీ వెనక్కి పిలిపించమని అడుగుతాను." పిలిపిస్తారా, నన్ను బయటికి తోసి అచ్చు ఇంకొకడి చేతిలో పెడతారా, ఆమె అడగలేదు, నాకూ తెలియదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. "కాళ్ళు కడుక్కోండి ఇద్దరూ" అంది. "అన్నం వడ్డిస్తాను."

రంగులాయన కిరసనాయిలుతో చేతులు తోముకుని, కుళాయి కింద కడుక్కుని, వంగి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. నేల మీద మూడు కంచాలు పెట్టింది నా భార్య. అన్నం, గుడ్ల కూర. ఆయన నా ఎదురుగా కూచున్నాడు, ఆమె పొయ్యికి దగ్గరగా. ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు. ఆయన ముద్దలు పెద్దవి, మెల్లిగా నమిలాడు. ఆమె మధ్యలో లేచి ఆయనకి నీళ్ళు పోసి కూచుంది. నేనూ తిన్నాను. సగం తిన్నాక బయట ఎక్కడో, దూరమో దగ్గరో చెప్పలేను, ఇనుములాంటిదేదో గచ్చుకి తగిలిన చప్పుడయింది. ముగ్గురి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. కేక వినపడుతుందేమోనని విన్నాం. ఆయన తల కాస్త పక్కకి వంచి విన్నాడు, ఆమె కళ్ళు మూసుకుని వింది. వీధిలో ఎవరూ పరుగెత్తలేదు. ఇంకా కాసేపు విన్నాం. తర్వాత ఆయన ముద్ద కలిపాడు, ఆమె కలిపింది, నేనూ కలిపాను.